ఐదా, ఏడా

ఐదు కాదు, ఏడు. గోల్ఫ్ మైదానంలో పదిహేనో హోల్ మొదలయ్యే చోట, టీ దగ్గర, బావ కొట్టింది ఒకటి, అది తిన్నగా వెళ్ళి పచ్చిక మధ్యలో పడటం ఆమె కళ్ళారా చూసింది; రెండోది కుడివైపుకి వంకర తిరిగి రంధ్రం చుట్టూ నున్నగా కోసిన గ్రీన్ పక్కనున్న ఇసుక గుంటలో దిగబడింది; మూడోది ఇసుక అంచుకి తగిలి మళ్ళీ బావ కాళ్ళ దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది; నాలుగోది బయటపడింది. అక్కణ్ణించి బంతిని దొర్లించే కర్ర పటర్‌తో మూడు, ఒకటి రంధ్రాన్ని దాటిపోయింది, ఒకటి రంధ్రం ముందే ఆగిపోయింది, ఒకటి లోపలికి పోయింది. నాలుగూ మూడూ ఏడు. మనసులో ఎన్నిసార్లు మొదటి నుంచి ఆడించి చూసినా ఆ బంతి ఏడు దెబ్బలకే లోపలికి పోతోంది తప్ప ఐదుకి పోవడం లేదు. రేకుల కప్పు మీద వాన దబదబా కొడుతోంది, ఆ చప్పుడుకి అంకెలన్నీ తలలో చిందులు వేస్తున్నాయి. ఇందాక వానకి ముందు, గ్రీన్ మీద, ఎన్ని అని వాళ్ళతో ఆడే బ్యాంకాయన అడిగాడు, పెన్సిల్ మొన స్కోరు కార్డు మీద పెట్టి. ఐదు, బోగీ, అన్నాడు బావ, జెండా కర్రని తిరిగి రంధ్రంలో గుచ్చుతూ, ఏ తడబాటూ లేకుండా, ఉదయం ఏం టిఫిన్ తిన్నావంటే చెప్పినంత మామూలుగా. పెన్సిల్ కదల్లేదు. బ్యాంకాయన తలెత్తి బావ వైపు కాదు, ఆమె వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే పిడుగుల సైరన్ మోగింది, మైదానంలో ఉన్నవాళ్ళంతా ఎక్కడి ఆట అక్కడ ఆపి దగ్గర్లోని షెడ్డులోకి పరిగెత్తాల్సిన సైరన్, మళ్ళీ రెండో సైరన్ మోగేదాకా ఎవరూ బయట అడుగు పెట్టకూడదు, ఆమె జీవితంలో ఒక మేఘానికి అంతగా రుణపడింది ఎప్పుడూ లేదు. కానీ రుణం ఎంతసేపు, గంట, మహా అయితే గంటంబావు. ఆ తర్వాత పెన్సిల్ ఏదో ఒకటి రాయక తప్పదు.

షెడ్డులో ఒకటే బల్ల. ఒక చివర బ్యాంకాయన, ఇంకో చివర బావ, మధ్యలో ముగ్గురి సంచులూ కర్రలతో సహా పిల్లల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. ఆమె కూర్చోలేక నిలబడింది. నిలబడలేక నడిచింది. నాలుగడుగులకి గోడ వస్తోంది. చూరు నుంచి నీళ్ళు తీగల్లా దిగుతున్నాయి, వాటి వెనక పదహారో హోల్ జెండా ఉందో లేదో తెలియడం లేదు. కూర్చో పిచ్చుకా, కాళ్ళు అరిగిపోతాయి, అన్నాడు బావ, తువ్వాలుతో బంతి తుడుచుకుంటూ. పిచ్చుక అనేది ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా, అక్క పెళ్ళయిన కొత్తలో, బావ పెట్టిన పేరు. అప్పుడు ఆమె మోకాళ్ళూ మోచేతులూ తప్ప ఇంకేమీ లేని పిల్ల. ఇప్పుడు బరువు చూసుకునే యంత్రం ఎక్కాలంటే భయపడే మనిషి, అయినా ఆయనకి పిచ్చుకే. ఆమె కార్డు ఆయన చేతిలో ఉంది. పోటీ రోజున ఎవరి స్కోరు వాళ్ళు రాసుకోకూడదు కదా, బావది బ్యాంకాయన రాస్తాడు, బ్యాంకాయనది ఆమె రాస్తుంది, ఆమెది బావ. ప్రతి హోల్ అవగానే ఆమె అంకె చెప్తుంది, ఆయన విన్నది విన్నట్టు రాస్తాడు, అందులో తప్పు లేదు, తొంగి చూసింది, పదిహేను హోల్స్‌కి ఎనభై నాలుగు, సరిగ్గానే ఉంది. ఇంకా మూడు హోల్స్, ఈ ఆటలో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది. మూడింటిలోనూ ఉండాల్సినదానికంటే ఒక్కో దెబ్బ ఎక్కువ కొట్టినా తొంభై తొమ్మిది. ఛీ, ఇప్పుడా ఆ ఆలోచన. కానీ వస్తోంది, ఈగని తోలితే మళ్ళీ అదే చోట వాలినట్టు, తొంభై తొమ్మిది, తొంభై తొమ్మిది, మూడేళ్ళుగా వంద అనే గోడని గోళ్ళతో గీకుతున్న మనిషికి ఒక్కసారి అవతలి పక్క చూడాలని ఉండదా.

అసలు ఈ ఆటలోకి లాక్కొచ్చిందే ఆయన. ఆమె పని లిఫ్టులు తనిఖీ చేయడం. అపార్టుమెంట్లు, ఆస్పత్రులు, ఆఫీసులు, ఎక్కడైనా సరే లిఫ్టు పెట్టె పైకెక్కి కూర్చుని, చేతిలో టార్చితో, ఉక్కు తాళ్ళ వెంట పాత గుడ్డ నొక్కిపట్టి పోనిస్తూ, తెగిన పోగు గుడ్డకి ఎక్కడ తగులుకుంటుందో చూస్తూ ఆ చీకటి గొట్టంలో పైకీ కిందికీ. విడాకులైన ఏడాది ఆదివారాలు కూడా పనికే పోయేది. అప్పుడన్నాడు బావ, ఎప్పుడు చూసినా నిలువునా తిరుగుతావు, వారానికో రోజు అడ్డంగా నడువు, ఒంటికి మంచిది. నడవడానికొచ్చి చూస్తే చేతికి కర్ర ఇచ్చాడు. మొదటి దెబ్బకి బంతి కదల్లేదు, గడ్డి లేచింది. అది కూడా ఒకటే లెక్క అన్నాడు. తగల్లేదుగా బావా అంటే, కొట్టాలనుకుని తిప్పావుగా, అయితే ఒకటి అన్నాడు. అంత నిక్కచ్చి మనిషి. అదే మనిషి, అదే నోరు, ఐదు, బోగీ.

బోగీ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు ఆమె నవ్వింది, రైలు పెట్టెకీ దీనికీ ఏం సంబంధం అని. ఉంది అన్నాడు. తన మందుల షాపు వెనక గదిలో, డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని, ఖాళీ కవరు మీద గీసి చెప్పాడు. ప్రతి హోల్‌కీ ఒక పార్ ఉంటుంది, అంటే డాక్టరు రాసిన మోతాదన్నమాట, చక్కగా ఆడేవాడికి ఇన్ని దెబ్బలు చాలునని ముందే రాసి పెడతారు, మూడో, నాలుగో, ఐదో. దానికి ఒకటి తక్కువలో ముగిస్తే బర్డీ, అంటే పిట్ట, అంటే నువ్వే. రెండు తక్కువైతే ఈగిల్, డేగ, అది మనలాంటి వాళ్ళ ఇంటి మీద వాలదు, టీవీలో చూడాలి. ఒకటి ఎక్కువైతే బోగీ. బోగీ అంటే తిట్టు కాదు పిచ్చుకా, అందరూ అదేదో తప్పు చేసినట్టు మొహం పెడతారు. పద్దెనిమిది హోల్స్‌కీ పద్దెనిమిది బోగీలు తగిలించుకుంటూ పో, ఏ గొడవా లేకుండా తొంభైకి స్టేషన్ చేరతావు. డబుల్ బోగీలు, మూడేసి బోగీలు తగిలించుకుంటేనే ఇంజను మొరాయిస్తుంది. అప్పుడు ఆమె అడిగింది, మందుల్లో మాత్రం ఒకటెక్కువైతే ఊరుకుంటావా అని. ఆయన నవ్వలేదు. ఇక్కడ ఒకటెక్కువ అనేదే ఉండదు, అందుకే కదా ఆదివారం అక్కడికి పోయేది, అన్నాడు.

మెరుపు. లెక్కపెట్టింది, ఒకటి రెండు మూడు నాలుగు, ఉరుము. దగ్గర్లోనే ఉంది. బ్యాంకాయన ఫ్లాస్కు మూత తీసి టీ పోశాడు, ముగ్గురికీ. ఆయన చెడ్డవాడు కాదు, అదే చిక్కు. చెడ్డవాడైతే మొహమ్మీదే తలుపేసినట్టు ఏదో ఒకటి అనేసి ఊరుకునేది. రిటైరైనా గళ్ళ చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకునే మనిషి, తొమ్మిదేళ్ళుగా బావతో ఆడుతున్నాడు. పోయిన ఆదివారం కార్ల దగ్గర బూట్ల మట్టి దులుపుకుంటూ, ఇటూ అటూ చూసి అన్నాడు, మీ బావగారు ఈమధ్య లెక్కలో కొంచెం ఉదారంగా ఉంటున్నారమ్మా, నలుగురూ అనుకుంటున్నారు, నా నోటితో అనడం బాగోదు, మీరు చెప్తే బాగుంటుంది. ఆమెకి చెవులు వేడెక్కాయి. బావ సంగతి మీకు తెలీదా అంది. తెలుసు కాబట్టే మీకు చెప్తున్నా అన్నాడు. ఆ వారమంతా ఆమె నిద్ర లేచిన దగ్గర్నుంచి అదే. ఎందుకంటే ఆమెకి అంతకుముందే తెలుసు, తెలిసీ తెలియనట్టు, పక్క గదిలో కుళాయి కారుతున్న చప్పుడులా. రెండు నెలలుగా ఆయన స్కోర్లు ఎక్కడో అతకడం లేదు. అతకలేదని అనుకోకుండా తనే లెక్క తప్పానని అనుకుంటూ వచ్చింది.

ఇదే బావ ఒకసారి క్లబ్బు కప్పు పోగొట్టుకున్నాడు. చివరి హోల్ పక్కన గడ్డిలో, బంతి ముందున్న ఎండుటాకు తీయబోతే బంతి వెంట్రుకవాసి కదిలింది. ఎవరూ చూడలేదు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఆయనే చెయ్యెత్తి, కదిలింది, నాకో దెబ్బ వేసుకోండి అన్నాడు. ఆ ఒక్క దెబ్బతో కప్పు పక్కవాడింటికి పోయింది. ఇంటికొచ్చాక అక్క తిట్టింది, మహా ధర్మాత్ముడివి అని. అందుకాయన, ధర్మం కాదే, నాకు తెలిసిపోయిందిగా, ఇక ఏం చెయ్యను అన్నాడు. ఆ మనిషి ఏడుని ఐదు అంటాడా. అన్నాడు. ఇందాకే అన్నాడు. ముసలితనం దగ్గరపడే కొద్దీ గెలవాలన్న యావ పుట్టిందేమో, మనుషులు మారరా, ఆమె మొగుడు మారలేదా, పెళ్ళినాటి మనిషికీ కోర్టు మెట్ల మీద మనిషికీ పోలికుందా. గోడ. వెనక్కి తిరిగింది. నాలుగడుగులు. గోడ.

ఆగు. ఏడో హోల్. ఉదయం ఏడో హోల్‌లో బావ ఆరు అన్నాడు. బ్యాంకాయన ఆరు రాశాడు. ఆమె ఐదే అనుకుంది. ఐదే, తప్పకుండా ఐదే, ఎందుకంటే ఆ హోల్‌లో ఆయన రెండో దెబ్బ ఎంత బాగా పడిందంటే ఆమె పైకే భేష్ అంది, అక్కడినుంచి చిన్న దెబ్బ ఒకటి, పటర్‌తో రెండు, ఐదు. ఆయన ఆరు అంటే, తనే ఏదో చూసుకోలేదులే అని వదిలేసింది. ఎక్కువ చెప్తే ఎవరు పట్టించుకుంటారు, తక్కువ చెప్తేనే కదా నలుగురూ అనుకునేది. దొంగలెక్క వేసేవాడు తనకి తాను ఒకటి ఎందుకు కలుపుకుంటాడు. ఒంట్లోంచి ఏదో జారి అరికాళ్ళలోకి దిగినట్టయింది. లిఫ్టు పెట్టె పైన కూర్చున్నప్పుడు బ్రేకు పట్టీపట్టనట్టు జారితే అచ్చం ఇలాగే ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకి తెలియడం లేదు.

ఫోను. అక్క. వాన చప్పుడుకి ఒక చెవి మూసుకుని షెడ్డు మూలకి వెళ్ళింది. తడిశారా, అని అడిగింది అక్క. లేదు, షెడ్డులో ఉన్నాం. టీ ఉందా. ఉంది. అక్క కాసేపు ఏమీ అనలేదు. ఈ కాసేపులు అక్కకి అలవాటు లేదు, అక్క ఫోనంటే అవతలివాళ్ళు ఊఁ కొట్టడమే. తర్వాత అడిగింది, ఆయన బాగానే ఆడుతున్నాడా. బాగానే అంది ఆమె. బాగానే అంటే, అన్నీ సరిగ్గానే చెప్తున్నాడా. అన్నీ అంటే ఏంటక్కా. ఏం లేదే, మొన్న కారు తీసుకుని షాపుకని బయల్దేరి మన పాత ఇంటికి పోయాడు, గేటు ముందు ఆపి ఎంతసేపు కూర్చున్నాడో, ఆ ఇంటివాళ్ళే ఫోన్ చేశారు. వచ్చాక అడిగితే ఊరికే చూద్దామనిపించిందన్నాడు. నాకూ అలాగే అనిపించిందిలే అన్నాను నేను. ఎన్నాళ్ళ నుంచక్కా, అంది ఆమె. ఏది ఎన్నాళ్ళ నుంచి, అంది అక్క, జాగ్రత్త, చెట్ల కింద నిలబడొద్దు, పెట్టేస్తున్నా.

ఒకరి దగ్గర ఒకరు దాచుకుంటున్నారు. అక్క తన దగ్గర, తను అక్క దగ్గర, ఆయన ఇద్దరి దగ్గరా. టీ చల్లారిపోయింది, చేదుగా ఉంది, తాగేసింది. బావ బల్ల మీద కూర్చుని వాన వైపు చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, మొహం నిమ్మళంగా ఉంది, ఎప్పటి బావే, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, కుడిచేతి చూపుడువేలి మీద మాత్రల పట్టీలు చించీ చించీ పడ్డ కాయ. ఈ చేతులే ఆమె స్కోరు తగ్గించాయి. రెండేళ్ళపాటు నూట ఇరవై, నూట పదిహేను, నూట ఇరవై రెండు, ఎంత బలంగా కొడితే అంత అడవిలోకి పోయే బంతి. ఒకరోజు ఆయన ఆమె సంచిలోంచి ఆ పెద్ద కర్ర, డ్రైవర్, లాగేసుకుని తన కారులో పెట్టి తాళం వేశాడు. నీకు దూరం వద్దు, దారి కావాలి, అన్నాడు. చెట్లలో పడ్డప్పుడు సందు కనిపించింది కదా అని ముందుకి కొట్టకు, సిగ్గుపడకుండా పక్కకి కొట్టి బయటికి రా, ఒక్క దెబ్బే పోతుంది. ప్రాక్టీసుకి వచ్చినప్పుడు ఆ బంతుల్ని ఆకాశంలోకి బాదడం కాదు, సగం సేపు గ్రీన్ చుట్టుపక్కలే ఉండు, చిన్న దెబ్బలు, పటర్. పటర్ పట్టుకున్నప్పుడు మొదటిదానికే లోపలికి పోవాలనుకోకు, పక్కకి చేర్చు, రెండోదానికి పోతుంది. చెత్త హోల్ ఒకటి పడిందా, దాన్ని అక్కడే వదిలి నడువు, తర్వాతి హోల్‌కి మోసుకుపోకు. మూడు నెలల్లో నూట ఎనిమిది, తర్వాత నూట మూడు. హ్యాండిక్యాప్ అంటే ఏంటి బావా, అవిటితనమా, అంటే నవ్వాడు. కాదే, నీకంటే బాగా ఆడేవాడితో నువ్వు సమానంగా ఆడాలిగా, అందుకని నీ లెక్కలోంచి ఇన్ని దెబ్బలు తీసేస్తారు, నీకు రాదని చిన్నచూపు కాదు, నువ్వూ ఆటలో ఉండాలని. ఆయన చెప్పినవన్నీ ఆమెకి గుర్తున్నాయి. చెప్పిన ఆయనకి ఎంత గుర్తుందో.

అప్పుడు తట్టింది. ఇంతసేపూ ఆట గురించే ఆలోచిస్తోంది, కప్పులు, కార్డులు, నలుగురూ ఏమనుకుంటారు. సోమవారం పొద్దున్న ఆయన షట్టరు ఎత్తుతాడు. డాక్టరు రాసిన చీటీ తీసుకుంటాడు, చదువుతాడు, వెనక్కి తిరుగుతాడు, అల్మరా దాకా నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో ఏడు ఐదైపోతే. రోజుకి ఒకటి మూడైపోతే. గుండె మాత్రలూ, రక్తపోటు మాత్రలూ, పసిపిల్లల చుక్కల మందులూ. లిఫ్టు తాడులో పోగులు తెగినట్టు గుడ్డకి తగిలితే ఆమె ఎవరినీ అడగదు. స్విచ్చి ఆపేసి, తాళం వేసి, వాడరాదు అన్న కాగితం అతికించి కిందికి వస్తుంది. మేనేజర్లు బతిమాలుతారు, అరుస్తారు, పై అంతస్తులో ముసలివాళ్ళున్నారంటారు, ఈ ఒక్కరోజూ అంటారు. మెట్లున్నాయిగా అంటుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తగ్గలేదు. ఇప్పుడు ఖాళీ టీ కప్పు పట్టుకుని నిలబడిపోయింది.

వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. సంచులు జరిపితే ఒక కర్ర జారి నేల మీద పడింది, వంగి తీయబోతూ ఆయన రెండు ప్యాంటు జేబులూ ఉబ్బి ఉండటం చూసింది. రెంటిలోంచీ చెక్క టీలు, బంతి కింద పెట్టే ఆ చిన్న మేకుల్లాంటివి, మొనలు బయటికి పొడుచుకొస్తున్నాయి. ఇన్నెందుకు బావా, అంది. ఆయన కూనిరాగం ఆగింది. చెయ్యి ఒక జేబు మీద వేసుకున్నాడు, దాచుకున్నట్టు. వాన వైపే చూస్తూ, చిన్నగా అన్నాడు.

"దెబ్బ కొట్టగానే ఒకటి ఈ జేబులోంచి ఆ జేబులో వేసుకుంటున్నా. మొదట్లో బాగానే పనిచేసింది. ఇప్పుడు ఏ జేబులోంచి ఏ జేబులోకో మర్చిపోతున్నా."

అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక ఆమె ఆయన బూట్ల వైపు చూసింది, లేసులు రెండూ రెండు రకాల ముళ్ళు. బల్ల అవతలి చివర బ్యాంకాయన కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఇందాకటిది ఐదా, ఏడా?" అని అడిగాడు బావ.

"ఏడు బావా."

"అనుకున్నా. ఆయన మొహం చూసి అనుకున్నా."

ఇక్కడ ఆగిపోవచ్చు. భుజం మీద చెయ్యి వేసి, పోనీలే బావా, వయసన్నాక అందరికీ, అనేసి వానని చూస్తూ కూర్చోవచ్చు. అదే సుఖం. నోరు అప్పటికే తెరుచుకుంది, కానీ లోపల్నుంచి వచ్చింది ఇంకో మాట.

"షాపులో?"

ఆయన బంతిని తువ్వాల్లో చుట్టాడు, విప్పాడు. "మాత్రలు నేను లెక్కపెట్టట్లేదు. అసిస్టెంటు అమ్మాయి చేత పెట్టిస్తున్నా. నేను చీటీ చదివి కవరు మీద రాస్తానంతే."

"రాసేది సరిగ్గానే రాస్తున్నావా?"

వాన కాస్త తగ్గినట్టుంది, లేకపోతే చెవులు అలవాటు పడ్డాయి. బావ అన్నాడు, "మొన్నొక పెద్దావిడ వెనక్కొచ్చింది. రోజుకొకటి అని రాయాల్సింది, మూడని రాశాను. ఆవిడ ఇంటికెళ్ళి కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంది కాబట్టి సరిపోయింది. నన్నేమీ అనలేదు. పాపం ఎంత పని ఒత్తిడో మీకు, అని వెళ్ళిపోయింది." తువ్వాలు మడిచి సంచి మీద పెట్టాడు. "మీ అక్కకి తెలీదు."

"తెలుసు బావా."

ఆయన తల తిప్పి చూశాడు. అక్కకి తెలుసన్న మాటకి, మిగతా దేనికీ లేనంతగా, మొహం వాడిపోయింది. ఆమె ఆ మొహం మీదే, ఆగితే మళ్ళీ అనలేనని తెలిసి, అనేసింది, రేపట్నుంచి నువ్వు కౌంటర్ దగ్గర నిలబడొద్దు.

"ఏమిటీ?"

"డాక్టరు దగ్గరికి వెళ్దాం. ఆయన ఫరవాలేదు అనేదాకా నువ్వు చీటీ ముట్టుకోవద్దు."

ఆయన లేచి నిలబడ్డాడు. సంచులన్నీ ఒక్కసారి కదిలాయి. ఎప్పుడూ ఒక్క గట్టి మాట అనని మనిషి, ఆమె పెళ్ళికి వద్దన్నప్పుడు కూడా నవ్వుతూ వద్దన్న మనిషి, పళ్ళు బిగించి అన్నాడు, "నువ్వెవరే నాకు చెప్పడానికి. ముప్ఫై ఏళ్ళ షాపు అది. నా చేతుల మీదుగా పెట్టింది. నీకు బంతి ఎటు కొట్టాలో నేను చెప్పాలి, నువ్వు నాకు చెప్తావా?"

ఎవరే అన్న మాట ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. కళ్ళలోకి నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. "లిఫ్టు ఆపాలంటే నాకు నిమిషం పట్టదు బావా. నువ్వు లిఫ్టువి కాదు, అందుకే ఇంతసేపు పట్టింది."

ఆయన బయటికి పోబోయాడు, చూరు దాకా వెళ్ళి ఆగాడు, వాన చినుకులు బూట్ల మీద పడుతున్నాయి. అక్కడే నిలబడ్డాడు, వీపు ఇటు పెట్టి. ఆ వీపుని ఆమె ఎన్నేళ్ళుగా చూస్తోంది, స్కూటర్ వెనక కూర్చుని పరీక్షలకి పోయిన రోజుల నుంచి. అది ఇంత సన్నబడిందని ఇప్పుడే చూసింది. వెళ్ళి పక్కన నిలబడాలా, వదిలెయ్యాలా. ఏం చేసినా తప్పే. చెయ్యి చాపింది, ఆయన భుజం దాకా పోయి ఆగింది, వెనక్కి తీసుకుంది. ఆయన ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. ఎంత కాలం, అన్నాడు చివరికి, ఇటు తిరక్కుండానే. తెలీదు బావా అంది. అబద్ధం చెప్పనందుకేమో, ఆయన తల చిన్నగా ఊపాడు.

ఆ తర్వాత నెలలు ఎలా గడుస్తాయో ఆ షెడ్డులో నిలబడ్డ ఆమెకి తెలియదు. డాక్టరు ఆ పరీక్షా ఈ పరీక్షా చేసి ఒక పేరు చెప్తాడు, ఆ పేరు విన్నాక అక్క ఇంటికొచ్చి అలమరాలో బట్టలన్నీ తీసి మళ్ళీ మడతపెడుతుంది. షాపుకి వేరే ఫార్మసిస్టు వస్తాడు. బావ కొన్నాళ్ళు పక్క కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్తాడు, కొన్నాళ్ళు అసలు వెళ్ళనంటాడు, మరదలితో పదిహేను రోజులు మాట్లాడడు, పదహారో రోజు ఫోన్ చేసి ఆదివారం ఎన్నింటికి అంటాడు. ఆదివారాలు మాత్రం పోవు. ఇవేవీ ఇంకా జరగలేదు. ఇప్పటికి వాన సన్నబడింది, చూరు తీగలు చుక్కలయ్యాయి.

బ్యాంకాయన గొంతు సవరించుకున్నాడు. పెన్సిలూ రబ్బరూ పట్టుకుని లేచి వచ్చాడు. పదిహేనోది ఏడు వేస్తున్నానండీ, అన్నాడు. ఏడో హోల్‌లో ఆరు కాదు, ఐదు, అంది ఆమె. ఆయన రుద్ది దిద్దాడు, కాగితం చిరగకుండా, మెల్లగా, బ్యాంకులో సంతకం సరిచూసినంత శ్రద్ధగా. ఆ మెల్లదనంలో ఆయన చెప్పాలనుకున్నదంతా ఉంది. పోటీ లెక్క వదిలెయ్యండి, నా కార్డు క్లబ్బులో ఇవ్వకండి, నేను ఊరికే ఆడతాను, అన్నాడు బావ. బ్యాంకాయన కార్డుని మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. తర్వాత, ఎటో చూస్తూ, నాక్కూడా ఈమధ్య అంకెలు జారిపోతున్నాయండీ, కొట్టగానే పైకి చెప్పుకుంటే నయం, మీకేం ఇబ్బంది లేదుగా, అన్నాడు. ఆయనకి ఏ అంకే జారదని ముగ్గురికీ తెలుసు.

రెండో సైరన్ మోగింది. గడ్డి మీద నీళ్ళు నిలిచి మెరుస్తున్నాయి, నడుస్తుంటే బూట్లు చప్ చప్ మంటున్నాయి. పదహారో హోల్ టీ దగ్గర మొదట ఆమె వంతు. తొంభై తొమ్మిది ఎక్కడో వెనక షెడ్డులో ఉండిపోయింది, దాని కోసం తిరిగి చూడాలని కూడా అనిపించలేదు. ఈ ఒక్క హోల్‌లోనే రెండు దెబ్బలు ఎక్కువ పడతాయి, చివరికి ఆమె లెక్క సరిగ్గా వంద దగ్గర ఆగుతుంది, ఇంటికెళ్ళే దారిలో అందుకు ఇద్దరూ నవ్వుకుంటారు. కొట్టింది. బంతి ఎడమకి పోయి ఎత్తు గడ్డిలో పడింది. "ఒకటి" అంది పైకి, గొంతు వింతగా వినిపించింది, బడిలో హాజరు చెప్పినట్టు. బ్యాంకాయన కొట్టాడు. "ఒకటి" అన్నాడు, గట్టిగా, అవసరమైనదానికన్నా గట్టిగా.

బావ వంగి టీ గుచ్చాడు, దాని మీద బంతి నిలబెట్టాడు. వెనక్కి జరిగి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు, మర్చిపోయాడా, ఏం చెయ్యాలో మర్చిపోయాడా, చెప్పాలా, ఇంతలో భుజాలు కదిలాయి, కర్ర లేచింది, దిగింది, ఆ చప్పుడు, బంతి నడిమధ్యలో తగిలినప్పుడు మాత్రమే వచ్చే ఆ శుభ్రమైన చప్పుడు. బంతి బూడిదరంగు మబ్బు మీద తెల్లగా ఎగిరి, ఎంతోసేపు అక్కడే వేలాడినట్టుండి, పచ్చిక దారి మధ్యలో పడి దొర్లింది. ఆమెకి నాలుక చివరిదాకా వచ్చింది ఆ మాట, పెదవులు బిగించి పట్టుకుంది. బ్యాంకాయన నేలకేసి చూస్తున్నాడు. బావ బంతి పడ్డ చోటు నుంచి కళ్ళు తిప్పకుండా నిలబడే ఉన్నాడు.

"ఒకటి" అన్నాడు, ఎవరితోనూ కాదన్నట్టు, సంచి భుజాన వేసుకుని తడి గడ్డిలో ముందుగా నడిచాడు.